కల్లంలో టెలిస్కోపు

కరీమున్‌కి పొగరని ఊళ్లో పేరు. ఎదురుపడితే పలకరించదు. వీధి అవతల నుంచి చెయ్యి ఊపితే తిరిగి ఊపదు. బజారులో అయినవాళ్లు నిలబడి ఉన్నా తల తిప్పకుండా వెళ్లిపోతుంది. కూలికి పోయే మనిషికి ఇంత మిడిసిపాటు దేనికని అనేవాళ్లు అన్నారు, అనుకునేవాళ్లు అనుకున్నారు. ఆమె ఎవరికీ సమాధానం చెప్పుకోలేదు. చెప్పుకోవడానికైనా ఓపిక ఉండాలి కదా! తెల్లారీ తెల్లారకముందే ఆటో ఎక్కి, పొద్దుగూకేదాకా మిరపకాయల రాశి ముందు కూర్చుని, దగ్గుకుంటూ తుమ్ముకుంటూ ఇల్లు చేరే మనిషికి, ఊరు తన గురించి ఏమనుకుంటుందో వినే తీరిక ఎక్కడ దొరుకుతుంది?

వాళ్లది నూర్‌బాషా కుటుంబం. ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. తాతల నాడు ఇంటింటికీ తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాళ్లు. మిల్లులొచ్చాక దూది ఏకే విల్లు అటకెక్కింది, మనుషులు పొలాలకెక్కారు. కరీమున్ మొగుడు లారీలకు బస్తాలు మోసీ మోసీ నడుం పోగొట్టుకుని, కొన్నాళ్లు మంచంలో ఉండి పోయాడు. ఒక్కతే కూతురు రహమతున్నీసా. ఏడో తరగతితో బడి మానేసింది. పెళ్లి చేస్తే నల్లపాడు వెళ్లింది. అక్కడా మిరపకాయల పనే, ఒక కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీస్తుంది. కరీమున్ ఊళ్లో ఒంటరిగా ఉంటుంది. మిరప సీజనులో నాలుగు నెలలు కల్లాల్లో తాలుకాయలు ఏరితేనే మిగతా ఏడాది ఎలాగోలా గడుస్తుంది.

ఎర్రగా పండిన కాయల్లోంచి తెల్లబారిన తాలుకాయని పట్టుకోవడం తేలికని మీరనుకుంటే, ఒక్కపూట వచ్చి కూర్చోండి. మధ్యాహ్నానికి కళ్ల ముందు అంతా ఒకే రంగవుతుంది. కరీమున్‌కి మాత్రం అయ్యేది కాదు. రాశి మీదకి వంగి, ముక్కు కాయలకి తగులుతుందా అన్నట్టు కూర్చుని ఏరేది. పురుగు తొలిచిన సన్నటి బెజ్జం కూడా ఆమె కంటిని దాటి పోయేది కాదు. "కరీమూ ఏరిన కాయని మళ్లీ చూసుకోనక్కర్లా," అని ముఠా మేస్త్రి బుల్లయ్యే ఒప్పుకునేవాడు. ఆ మేస్త్రి నోట మంచిమాట రావడమంటే మాటలు కాదు.

మా వైపు ఆడవాళ్లకి కంటిచూపు పరీక్ష ఒకటే ఉంది, సూదిలో దారం ఎక్కించడం. ఎక్కిస్తే కళ్లు ఉన్నట్టు, ఎక్కించలేకపోతే పోయినట్టు. యాభై దాటినా కరీమున్ చిన్న దీపం వెలుగులో కూడా ఒక్క ప్రయత్నంలో ఎక్కించేది. వాడలో ముసలమ్మలందరూ సూది పట్టుకుని ఆమె గడప దగ్గరికే వచ్చేవాళ్లు. అలాంటి మనిషికి కళ్లు కనపడవని ఎవరనుకుంటారు?

నిజానికి కరీమున్‌కి బారెడు దూరం దాటితే లోకమంతా మసకే. చెట్టంటే ఆకుపచ్చ ముద్ద. మనిషంటే కదిలే చీరరంగు. దగ్గరకొచ్చి నోరు తెరిస్తే గొంతును బట్టి పోల్చుకునేది, లేకపోతే లేదు. పుట్టినప్పటి నుంచీ అంతే కాబట్టి, లోకమే అంత అనుకుంది. మిగతావాళ్లు దూరం నుంచే మనుషుల్ని ఎలా గుర్తుపడతారో ఆమెకి అంతుపట్టేది కాదు. వాళ్లకి తెలివి ఎక్కువ, తనకి తక్కువ అనుకుని సరిపెట్టుకుంది. బడిలో బోర్డు మీద రాసింది ఆమెకి తెల్లటి బూడిదలా కనపడేది. అయ్యవారు మొద్దు అన్నాడు. ఆమె నమ్మింది, నాలుగో తరగతిలో మానేసింది.

రంజాన్ నెల మొదలయ్యే సాయంత్రం మసీదు పక్క మేడ మీద ఆడవాళ్లంతా చేరేవాళ్లు. "అదిగో నెలవంక, వేపచెట్టు కొమ్మకి పైన" అని ఎవరో అరిచేవాళ్లు. అందరూ చేతులెత్తేవాళ్లు. కరీమున్‌కి వేపచెట్టే కనపడదు, దాని కొమ్మ మీద నెలవంక ఎక్కడ కనపడుతుంది? "ఆఁ, చూశా, చూశా" అని ఆమె కూడా చేతులెత్తేది. ప్రతి ఏడూ ఒక అబద్ధంతో ఉపవాసం మొదలుపెడుతున్నానని లోపల కుమిలేది. దేవుడి దగ్గర ఈ లెక్క ఎలా తేలుతుందోనని భయపడేది. అయినా మళ్లీ ఏడాది అదే మాట చెప్పేది.

రెండేళ్ల నుంచి ఆ భయానికి ఇంకో భయం తోడైంది. కరీమున్ తల్లికి చివరి రోజుల్లో చూపు పూర్తిగా పోయింది, గోడ పట్టుకుని నడిచేది. ఇప్పుడు తనకీ అదే వస్తోందని కరీమున్ తేల్చుకుంది. రోడ్డు దాటుతుంటే లారీ హారన్ చెవిలో మోగేదాకా లారీ ఉన్నట్టే తెలియలేదు ఒకసారి. ఊళ్లో ఉచిత కంటి పరీక్షలు పెట్టినప్పుడు జ్వరమని చెప్పి ఇంట్లో పడుకుంది. ఏం చెబుతారో తనకి తెలుసు. తెలిసిన దాన్ని పదిమందిలో వినడం దేనికి?

ఈ సీజను మొదట్లోనే బుల్లయ్య ముఠాలోంచి ఒక ముసలామెని తీసేశాడు. తాలు వదిలేస్తోందని, చూపు ఆనడం లేదని. "కళ్లు కనపడనోళ్లతో నాకు మాట వస్తంది. ఇంటికాడ కూకోండి," అన్నాడు అందరూ వింటుండగా. ఆ మాట తగిలింది ముసలామెకి. గుచ్చుకుంది కరీమున్‌కి. ఆ రోజు నుంచీ ఆమె పనిలో ఇంకా కిందికి వంగింది, ఇంకా తక్కువ మాట్లాడింది. తన చూపు సంగతి ఎవరికైనా తెలిసిన రోజున ముఠాలో తన చోటు పోతుంది. ఆ చోటు పోతే కూతురి గడప తొక్కడం తప్ప ఇంకో దారి లేదు. ఆ కూతురికే పూట గడవడం కష్టం.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం ఫెబా టీచరు స్కూటీ మీద ఒక పొడవాటి అట్టపెట్టె కట్టుకుని కల్లంలోకి వచ్చింది.

ఫెబా హైస్కూల్లో సైన్సు చెబుతుంది. ముప్ఫై ఏళ్లుంటాయి, మందపాటి కళ్లజోడు, ఎప్పుడూ నిద్ర చాలని మొహం. పిల్లల హాజరు ఫోటో, గుడ్ల ఫోటో, బాత్‌రూముల ఫోటో అన్నీ ఫోనులో ఎక్కించేసరికే ఆవిడకి సగం రోజు గడిచిపోతుంది. ఇప్పుడు ఇది కొత్త పని. ఎప్పుడో బడికి ఇచ్చిన టెలిస్కోపు, పగిలితే ఎవరు సమాధానం చెప్పాలని ఎవరూ పెట్టె విప్పలేదు. శుక్రవారం పిల్లలకి ఆకాశం చూపించి, ఆ ఫోటో కూడా పంపించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ముందు ఒంటరిగా బిగించి చూసుకుంటే పిల్లల ముందు పరువు దక్కుతుందని టీచరు ఆలోచన. బడి ఆవరణలో పెద్ద స్తంభం దీపం ఉంది, చుక్కలు కనపడవు. కల్లమైతే ఊరికి దూరంగా, చదునుగా, చీకటిగా ఉంటుంది. రైతుని అడిగి వచ్చింది. ఒంటరితనం మాత్రం దొరకలేదు. ఆడకూలీలంతా పని దిగి ఆటో కోసం చూస్తూ పట్టల పక్కన కూలబడి ఉన్నారు. ఆటో ఇంకో ముఠాని దింపడానికి వెళ్లి ఇంకా రాలేదు. బుల్లయ్య అటూ ఇటూ తిరుగుతూ ఫోనులో ఆటోవాణ్ణి తిడుతున్నాడు.

"ఏంది టీచరమ్మా అది, బోరుపైపా?" అని పలకరించింది హనుమాయమ్మ. ఇరవై ఏళ్ల నుంచి కరీమున్ పక్కనే కూర్చుని కాయలేరే మనిషి. నోరు పెద్దది, మనసూ పెద్దదే కానీ దాన్ని నోరు కప్పేస్తుంటుంది.

"టెలిస్కోపండీ. చుక్కలు చూడ్డానికి."

"దానికి ఇంత సరంజామానా! మాకు పొద్దున్నించి పట్టపగలే కనపడతన్నయి కదమ్మా చుక్కలు!"

అందరూ నవ్వారు. ఫెబా కూడా నవ్వి, అట్టపెట్టెలోంచి ఒక్కొక్కటీ తీసి టార్పాలిన్ మీద పేర్చింది. మూడు కాళ్ల స్టాండు, దాని మీద కూర్చునే ఇనుప తల, తెల్లటి లావుపాటి గొట్టం, గుండ్రటి బరువు దిమ్మ, ఇంకా చిన్నా చితకా గొట్టాలు. చేతిలో బొమ్మల కాగితం ఉంది. కాగితంలో ఉన్న మనిషికి అన్నీ నవ్వుతూ బిగిసిపోయాయి. టీచరుకి బిగియలేదు. బరువు దిమ్మ ముందు ఎక్కించకుండా గొట్టాన్ని ఎక్కించింది. గొట్టం గిర్రున తిరిగి కిందికి దూకబోయింది. హనుమాయమ్మ రెండు చేతులా అందుకోబట్టి సరిపోయింది.

"అవతలేపు బరువు లేకుండా నిలబడుద్దా? తక్కెడ చూళ్లేదా నువ్వు?" అని కసిరింది టీచరు చదువుని ఏమాత్రం ఖాతరు చెయ్యకుండా. దిమ్మ తగిలించారు. అటూ ఇటూ జరిపాక గొట్టం వదిలిన చోట నిలబడింది.

హనుమాయమ్మ ఊరుకోక గొట్టం నోట్లోకి తొంగిచూసింది. "ఓయమ్మో, నా మొహమే! ఇంత లావున!"

"అడుగున అద్దం ఉంటుందమ్మా. వెలుగు ఆ అద్దం మీద పడి, వెనక్కొచ్చి, ఇదిగో ఈ పక్కనున్న బెజ్జంలోంచి బయటికొస్తుంది. ఇక్కడ కన్ను పెట్టి చూడాలి," అని చెప్పింది ఫెబా. గొట్టం పైకొస దగ్గర పక్కకి పొడుచుకొచ్చిన చిన్న మూతి అది. పై నుంచి కాదు, కింద నుంచి కాదు, పక్క నుంచి చూడాలట. ఆడవాళ్లకి ఇది బొత్తిగా తలకెక్కలేదు.

గొట్టం వీపు మీద ఇంకో బుల్లి గొట్టం ఉంది. అది దారి చూపించే గొట్టం. ముందు దాంట్లో దొరకబుచ్చుకుంటే పెద్దదాంట్లో కనపడుతుంది. వెలుగు ఉండగానే దూరంగా ఉన్నదాన్ని దేన్నైనా చూసి రెండింటినీ ఒకే గురికి తేవాలి. పొలాల అవతల సెల్ టవరు ఉంది. ఫెబా దాన్ని పెద్ద గొట్టంలో పట్టుకుంది. తలకిందులుగా వేలాడుతున్న టవరుని చూసి తనే నవ్వుకుంది. ఇక చిన్న గొట్టం మరలు తిప్పుతుంటే చూసి చెప్పడానికి ఒక మనిషి కావాలి. దగ్గర్లో నిలబడ్డది కరీమున్.

"పెద్దమ్మా, దీంట్లోంచి చూడండి. రెండు గీతలు అడ్డంగా నిలువుగా ఉంటాయి. టవరు కొస ఆ గీతల మధ్యకి రాగానే చెప్పండి."

కరీమున్ వంగి చూసింది. బూడిదరంగు మసక తప్ప ఏమీ లేదు. టవరూ లేదు, కొసా లేదు. వెనక బుల్లయ్య ఫోను కట్టేసి ఇటే నడిచొస్తున్న చెప్పుల చప్పుడు వినపడింది.

"వచ్చిందా అమ్మా?"

"వచ్చింది టీచరమ్మా."

"మధ్యలోకేనా?"

"మధ్యలోకే."

ఫెబా మరలు బిగించేసింది. ఆ బిగింపు చప్పుడు కరీమున్‌కి చెంపదెబ్బలా తగిలింది.

చీకటి పడింది. నడినెత్తికి కొంచెం పడమరగా చంద్రుడున్నాడు. ఫెబా బుల్లి గొట్టంలో చంద్రుణ్ణి పట్టుకుంది. పెద్ద గొట్టంలో చూస్తే నల్లటి చీకటి. మళ్లీ తిప్పింది, మళ్లీ చీకటి. మూత తీశానా లేదా అని తడిమి చూసుకుంది. తీసే ఉంది. చాలాసేపు వెతికింది. అలసిపోయి టార్పాలిన్ మీద చతికిలబడింది. "నాకే చేతకాలేదండీ. టవరు దగ్గరే ఎక్కడో తప్పు చేశాను. పిల్లల ముందు ఏం చూపిస్తానో ఏంటో," అంది నీరసంగా.

తప్పు తనదని కరీమున్‌కి తెలుసు. మాట నోటిదాకా వచ్చింది. బుల్లయ్య అక్కడే బీడీ వెలిగించుకుంటున్నాడు. మాటని మింగేసింది. కడుపు కోసం చెప్పిన అబద్ధానికి ఇంకొకళ్లు తలవంచుకుని కూర్చుంటే చూస్తూ నిలబడటం ఎంత నీచమో ఆమెకి ఆ క్షణంలో తెలిసొచ్చింది. అయినా నిలబడే ఉంది.

ఫెబా ఓపిక కూడగట్టుకుని లేచింది. గొట్టం పొడవునా కన్ను వారగా పెట్టి, చంద్రుడి వైపు అంగుళం అంగుళంగా జరుపుతూ పోయింది. ఉన్నట్టుండి పక్కమూతిలోంచి తెల్లటి వెలుగు ఆవిడ చెంప మీద పడింది. "దొరికాడు!" అని చిన్నపిల్లలా అరిచింది. కళ్లజోడు తీసి నెత్తి మీద పెట్టుకుని, మూతి కింద ఉన్న చక్రం లాంటి మరని అటూ ఇటూ తిప్పి, చాలాసేపు చూసింది. తర్వాత హనుమాయమ్మని పిలిచింది. హనుమాయమ్మకి ముందు మసగ్గా కనపడితే మరని కొంచెం వెనక్కి తిప్పి సరిచేసింది.

హనుమాయమ్మకి దేన్నైనా చేత్తో పట్టుకుంటేగానీ చూసినట్టుండదు. మూతిని వేళ్లతో పట్టుకుని కంటికి అదుముకుని చూసింది. "గుంటలు గుంటలుగా ఉందమ్మో! వానకి తడిసి ఎండిన నేల మల్లే!" అని సంబరపడింది. ఆ వెంటనే ఫెబా మళ్లీ కన్ను పెట్టింది.

రెండు క్షణాలు. మూడో క్షణంలో టీచరు కెవ్వున కేకేసి కన్ను మూసుకుని గంతులేసింది. పొద్దున్నించి మహా కారంగా ఉండే తేజ రకం మిరపకాయలు ఏరిన చేతులవి. ఘాటంతా మూతికి పూసి ఉంది. ఆడవాళ్లు పరిగెత్తారు. "రుద్దబాక, రుద్దితే ఎక్కువవుద్ది!" అంటూ కరీమున్ నీళ్ల క్యాను తెచ్చి, వేళ్లు తగలకుండా పైనుంచి ధారగా పోసింది. హనుమాయమ్మ పైట కొసతో విసిరింది. కాసేపటికి ఫెబా ఎర్రటి కన్నుతో, కారే ముక్కుతో, ఏడవాలో నవ్వాలో తెలియని మొహంతో తేరుకుంది. మూతిని తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో తుడిచి, ఒక చట్టం చేసింది. ఇక ముందు చూసేవాళ్లెవరైనా సరే చేతులు వెనక్కి కట్టుకుని చూడాలి.

బడిలో శిక్ష పడ్డ పిల్లల్లాగా ఆడవాళ్లు చేతులు వెనక్కి పెట్టుకుని వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కళ్లూ వంగి చూసి, నోరు తెరిచి, పక్కకి జరిగారు. బుల్లయ్య కూడా బీడీ పారేసి చూశాడు. "బాగానే ఉంది," అన్నాడు చంద్రుణ్ణి తనే ముఠాలో చేర్చుకున్నట్టు.

"నేను చూడన్లే. నా చేతులు ఘాటు," అంది కరీమున్.

"చేతులతో పనేముంది పెద్దమ్మా? కన్ను పెట్టండి చాలు."

తప్పించుకునే దారి లేదు. కరీమున్ చేతులు వెనక్కి కట్టుకుని వంగింది. వెలుగు కనపడింది. అంచులు లేని, కరిగిన వెన్నముద్ద లాంటి వెలుగు. గుంటలెక్కడ? ఎండిన నేల ఎక్కడ? అలవాటైన మాట అలవాటుగా వచ్చింది. "ఆఁ, కనపడింది."

"ఎట్టా ఉన్నాడే?" అంది హనుమాయమ్మ ఉత్సాహంగా.

"ఎట్టా ఉంటాడు? తెల్లగా, గుండ్రంగా."

 ఒకామె కిసుక్కుమంది. బుల్లయ్య తల పైకెత్తి ఆకాశంలోకి చూసి, కరీమున్ వైపు చూశాడు.

"గుండ్రమేంది? ఇయ్యాల ఉన్నది సగం చంద్రుడు. ఉత్త కంటికే కనపడతన్నాడు సగమని. నీకు గుండ్రంగా ఎట్టా కనపడ్డాడు?" అన్నాడు. "కళ్లు కనపడటం లేదా నీకు?"

అదీ, ఇన్నాళ్లూ రాకూడదని మొక్కుకున్న మాట. పదిమందిలో, మేస్త్రి నోట, అంత తేలిగ్గా వచ్చి పడింది. కరీమున్‌కి  చిత్రంగా కాస్త తేలికైనట్టు అనిపించింది. అబద్ధం మొయ్యడం కూడా ఒక చాకిరీయే, అదీ వయసుతో పాటు బరువెక్కుతుంది.

"కనపడదు," అంది మెల్లగా. "దూరానివి నాకేం కనపడవు. ఇందాక టవరూ కనపళ్లేదు టీచరమ్మా. వచ్చిందని అబద్ధం చెప్పా. మా అమ్మకి మల్లే నాకూ చూపు పోతంది."

 ఫెబా తన కళ్లజోడు చేతిలోకి తీసుకుని ఆమె దగ్గరకి వచ్చింది.

"చూపు పోతోందా, మొదటి నుంచీ ఇంతేనా?"

"చిన్నప్పటి నుంచీ ఇంతే."

"మరి తాలుకాయ?"

"అది దగ్గరిది కదా. దగ్గరిది నాకు చీమ కాలు కూడా కనపడుద్ది."

"ఇటు రండి. మళ్లీ వంగండి. నేను ఈ మర తిప్పుతుంటాను. బాగా కనపడగానే ఆగమనండి. అబద్ధం చెప్పకండి ఈసారి."

కరీమున్ చేతులు వెనక్కి పెట్టుకుని వంగింది. ఫెబా మర తిప్పింది. వెన్నముద్ద ఉబ్బింది. "ఉహూఁ," అంది కరీమున్. ఫెబా ఇటు తిప్పింది, మూతి లోపలికి జరుగుతూ పోయింది. ముద్ద చిన్నదైంది. ఒక వైపు తరిగింది. "ఇంకా... ఇంకా తిప్పు..." అంది కరీమున్. అందరూ చూసిన చోటు దాటి, టీచరు తనకి సరిపెట్టుకున్న చోటు కూడా దాటి మూతి లోపలికి పోయింది.

"ఆగు!"

సగం చంద్రుడు. కత్తితో కోసినట్టు అంచు. ఆ అంచు వెంట గుంటలు, గుంటల్లో నీడలు, ఒక గుంట మధ్యలో చిన్న మొటిమ లాంటి దిబ్బ, దాని నీడ. కాయ మీద పురుగు బెజ్జాన్ని చూసినంత స్పష్టంగా కరీమున్ చంద్రుణ్ణి చూసింది. యాభై ఏళ్లలో ఆమె అంత దూరానిదేదీ చూసి ఎరగదు.  చంద్రుడు మెల్లగా గొట్టంలోంచి జారి బయటికి పోయేదాకా చూస్తూనే ఉంది.

తల ఎత్తింది. "మీ అందరికీ ఇట్టానే కనపడుద్దా?" అంది. "చెట్లూ, మనుషులూ, అన్నీ? అంచులతోనే?"

 కరీమున్ కళ్లలోంచి నీళ్లు బొటబొటా కారాయి. చేతులు ఘాటు కాబట్టి తుడుచుకోవడానికి లేదు. అలాగే కారనిచ్చింది.

"పెద్దమ్మా, మీ చూపు ఎక్కడికీ పోవడం లేదు," అంది ఫెబా. "మీకున్నదీ నాకున్నదీ ఒకటే అనుకుంటాను. కళ్లజోడు పెట్టుకుంటే చాలు. ఎవరైనా మంచి డాక్టరుకి చూపించుకోండి, వాళ్లే చెబుతారు."

"కళ్లజోడా?" అంది కరీమున్. సంతోషం రావాల్సిన చోట ఆమెకి కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో తెలియని కోపం. "కళ్లజోడు చాలా? ఇంత చిన్నదానికా నేను ఇన్నేళ్లు..." అని ఆగిపోయింది.

ఈలోగా హనుమాయమ్మ చేతులు వెనక్కి కట్టుకుని వెళ్లి మూతిలోకి చూసింది. ఫెబా గొట్టం కొంచెం జరిపి చంద్రుణ్ణి మళ్లీ లోపలికి తెచ్చింది. "ఏం లేదిక్కడ. పొగమంచు మల్లే ఉంది. చెడగొట్టారా ఏంది?" అంది హనుమాయమ్మ.

"చెడలేదమ్మా. పెద్దమ్మ కంటికి సరిపెట్టాం కదా, మీకు మసగ్గా ఉంటుంది. ఆమెకి రోజూ లోకం అలాగే ఉంటుంది."

హనుమాయమ్మ తల ఎత్తలేదు. అలాగే వంగి ఆ మసకలోకి చాలాసేపు చూసింది. తర్వాత వచ్చి కరీమున్ పక్కన కూర్చుంది. "ఊరంతా నిన్ను పొగరుదనే అంది. నేనూ అన్నా," అంది. "ఒక ఎండాకాలమంతా మాట్లాడటం మానేశా కదా నీతో. మార్కెట్టులో పేరు పెట్టి పిలిచి చెయ్యూపితే చూడకుండా పోయావని. అప్పుడైనా నోరిప్పి చెప్పొచ్చుగా!"

"ఏమని చెప్పను? నాకు తెలిస్తేగా," అంది కరీమున్.

"తాలు ఏరడంలో ఏం తేడా లేదులే," అని బుల్లయ్య గొణిగి, మళ్లీ ఫోను చెవికి పెట్టుకుని దూరంగా నడిచాడు. ముఠాలో చోటు నిలబడింది. పొద్దున్నైతే ఆ ఒక్క మాటకే ఆమె ప్రాణం లేచొచ్చేది. ఇప్పుడది చెవిదాకానే వచ్చి ఆగిపోయింది.

ఆమె ఇంకేదో ఆలోచిస్తోంది. "టీచరమ్మా, ఇది తల్లి నించి పిల్లకి వస్తదా?"

"రావచ్చండీ. మా నాన్నగారికి ఉంది, నాకొచ్చింది."

కరీమున్ సంచిలోంచి ఫోను తీసి, చేతిని చీరకి రుద్దుకుని, నల్లపాడుకి కలిపింది. రహమతున్నీసా గొంతు అలసటతో బరువుగా వచ్చింది. అదీ అప్పుడే పని నుంచి వచ్చి పొయ్యి ముట్టించినట్టుంది.

"రహమతూ, ఒకసారి బయటికి వచ్చి పైకి చూడు."

"ఏందమ్మా, పొయ్యి మీద ఎసరు ఉంది."

"ఉండనియ్ లే. చూడు. చంద్రుడు ఉన్నాడా?"

తలుపు చప్పుడు. ఎక్కడో రైలు కూత. "ఆఁ, ఉన్నాడు."

"ఎట్టా ఉన్నాడే?"

"ఎట్టా ఉంటాడు? గుండ్రంగా ఉన్నాడు."

కరీమున్ కళ్లు మూసుకుంది. ఏడో తరగతిలో ఉండగా పక్కపిల్ల పుస్తకంలో చూసి రాస్తోందని రహమతున్నీసా మీద బడి నుంచి ఫిర్యాదు వచ్చింది. అంతకుముందూ కొట్టిన రోజులున్నాయి గానీ, బోర్డు మీద ఉన్నది రాయడానికి ఏం రోగమని ఆ సాయంత్రం చీపురుకట్ట విరిగేదాకా కొట్టింది. మర్నాడు బడి మాన్పించి తనతో పాటు కల్లానికి తీసుకొచ్చింది. బోర్డు కనపడదని బిడ్డ చెప్పలేదు. అందరికీ అంతే అనుకుని ఉంటుంది, తనలాగే.

"రేపు పనికి పోబాక. పొద్దున్నే గుంటూరు బస్టాండు కాడికి రా. నేనూ వస్తా. ఇద్దరం కళ్ల డాక్టరు కాడికి పోదాం," అంది.

"నాకేమైందమ్మా? నా కళ్లు బాగానే ఉన్నయిగా, సూదిలో దారం నేనేగా ఎక్కిస్తా మా అత్తకి."

"రా అన్నాగా."  కరీమున్ ఫోను గట్టిగా పట్టుకుంది. "రహమతూ, నిన్ను ఆ రోజు అట్టా కొట్టకుండా ఉండాల్సింది."



"ఏ రోజమ్మా?" అని అడిగింది కూతురు.